గోడకు పేరు పెట్టడం అంత కష్టమా?

బిల్డింగ్ డ్రాయింగులు గీసే రెవిట్ సాఫ్ట్‌వేర్‌లో ఫైల్ తెరిస్తే ఒళ్లు మండిపోతోంది. గోడల టైపులకు ఇవేం పేర్లు? ‘కొత్త గోడ’, ‘కొత్త గోడ 2’, ‘ఫైనల్’! 230 మి.మీ. ఇటుక, బయట 20 ప్లాస్టరింగ్, లోపల 12, మొత్తం 262. ఆ ముక్క పేరులో రాస్తే ఏం పోయింది?

ఒక్కో గోడ టైపుకు ఇవ్వాల్సిన చిన్న గుర్తు, అదే టైప్ మార్క్, ఖాళీగా వదిలేస్తారు. ప్లాన్‌లో ఆ గుర్తును చూపించే ట్యాగ్ పెడితే ప్రశ్నార్థకం కనిపిస్తుంది. అప్పుడైనా మార్క్ నింపుతారా? లేదు, ట్యాగ్ తీసేసి, పక్కన టెక్స్ట్‌తో ‘డబ్ల్యూ1’ అని కొట్టేస్తారు! రేపు ఆ గోడను ఏఏసీ బ్లాక్ (తేలికపాటి కాంక్రీట్ దిమ్మె) టైపుకు మారిస్తే ఆ టెక్స్ట్ మారుతుందా? చచ్చినా మారదు. షెడ్యూల్లో, అంటే గోడల పట్టికలో ఒకటి, ప్లాన్‌లో ఇంకొకటి. పాపం, సైట్‌లో మేస్త్రి దేన్ని నమ్మి కట్టాలి?

అడిగితే ‘తర్వాత చూద్దాంలే’ అంటారు. ఎప్పుడు? గోడ లేచాకా?