సవరణ: సీసీసీ పరీక్షలో దివ్యాంగులకు అదనపు సమయం, రేడియో బటన్ల సంగతి

నీలిట్ (కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్, ఐటీ శిక్షణ సంస్థ) నిర్వహించే సీసీసీ (ప్రాథమిక కంప్యూటర్ కోర్సు) పరీక్ష గురించిన ముందటి టపాలో రెండు తప్పులు దొర్లాయి.

మొదటిది సమయం. 'అదనంగా 20 నిమిషాలు, అదీ స్క్రైబ్ (అభ్యర్థి బదులు జవాబులు రాసే సహాయకుడు) ఉంటేనే' అని రాశాం. 20 నిమిషాలన్నది గంటకు లెక్క, మొత్తం పరీక్షకు కాదు. సీసీసీ 90 నిమిషాలు, 100 ప్రశ్నలు. కాబట్టి అదనపు సమయం 30 నిమిషాలు, మొత్తం 120. కేంద్రం 2018 ఆగస్టు 29న ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవారు స్క్రైబ్‌ను పెట్టుకోకపోయినా ఈ సమయం అడగవచ్చు. నెగెటివ్ మార్కులు లేవని ఆ టపాలో అన్న మాట మాత్రం సరైనదే.

రెండోది ఇంకా ప్రమాదకరం. ఎన్‌వీడీఏ (తెర మీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) వాడేవారు 'బాణం మీటలతో ఆప్షన్లు వినండి' అన్నాం. ట్యాబ్ కొట్టి రేడియో బటన్ (ఒక్క ఆప్షన్‌నే ఎంచుకునే గుండ్రటి గడి) మీదికి వస్తే ఎన్‌వీడీఏ సాధారణంగా ఫోకస్ మోడ్‌లోకి, అంటే మీటలు నేరుగా ఆ బటన్ మీదే పనిచేసే స్థితిలోకి వెళ్తుంది. అక్కడ కింది బాణం నొక్కితే ఆప్షన్ చదవడంతోపాటు దాన్నే ఎంపిక కూడా చేసేస్తుంది. సరిగ్గా పెట్టిన జవాబు, మళ్లీ విందామని వెళ్లినప్పుడు మారిపోయేది ఇందుకే. ముందు ఇన్సర్ట్, స్పేస్ కలిపి నొక్కి బ్రౌజ్ మోడ్‌కు, అంటే పేజీని చదివి వినే స్థితికి రండి. మోడ్ మారినట్టు చిన్న శబ్దం వస్తుంది. అప్పుడు బాణాలు చదువుతాయి, అంతే. కావలసిన ఆప్షన్ దగ్గర స్పేస్ నొక్కితేనే అది పడుతుంది. 'చెక్డ్' అని వినిపించాకే తర్వాతి ప్రశ్నకు వెళ్లండి.

పరీక్ష రాసే కంప్యూటర్‌ను ఒక రోజు ముందే చూసుకునే వీలు కూడా ఆ మార్గదర్శకాల్లోనే ఉంది. సొంత ల్యాప్‌టాప్‌ను మాత్రం అనుమతించరు. వెళ్లినప్పుడు హెడ్‌ఫోన్, మాట వేగం, ఇన్సర్ట్ మీట మూడూ చూసుకోండి. కొన్ని కీబోర్డుల్లో ఇన్సర్ట్ ఇరుకుగా ఉంటుంది. క్యాప్స్ లాక్‌ను ఎన్‌వీడీఏ మీటగా పెట్టించుకోవచ్చు.