సైకలాజికల్ థ్రిల్లర్ గారికి ఒక ప్రేక్షకుడి ఫిర్యాదు

సైకలాజికల్ థ్రిల్లర్ గారికి,

నమస్కారం. మీరు కులాసాగానే ఉండి ఉంటారు. మీ కథల్లో ఎవరు పోయినా మీకేం కాదు కదా. నిద్ర పట్టనిది మాకు.

మీ చుట్టం ఒకరున్నారు, దయ్యాల సినిమా గారు. పాపం మర్యాదస్తులు. కిటికీ తలుపులు టపటపా కొట్టిస్తారు, జుట్టు విరబోసుకున్న ఆకారాన్ని చూపిస్తారు, నాలుగు కేకలు పెట్టించి సెలవు తీసుకుంటారు. ఇంటికొచ్చాక దయ్యాల్లేవు గియ్యాల్లేవు అనుకుని దుప్పటి కప్పుకుంటాం. మీ సినిమా చూసొచ్చి ఏమనుకోవాలి? మనుషుల్లేరు అనుకోవాలా? మీ హంతకుడు చూడబోతే పక్కింటాయనలా ఉంటాడు. గట్టిగా మాట్లాడడు, అమ్మ మాట జవదాటడు. మర్నాడు లిఫ్టులో ఎవరైనా "బాగున్నారా?" అని కాస్త ప్రేమగా అడిగితే చాలు, నేను దిగిపోయి మెట్లెక్కుతున్నాను.

భయపెట్టారని కాదు నా బాధ. టికెట్ కొన్నదే అందుకు. ఒక్క మాటైనా అడక్కుండా మమ్మల్ని నేరంలో భాగస్వాముల్ని చేస్తున్నారు, అదీ నా అభ్యంతరం.

1960లో వచ్చిన 'సైకో' సంగతే చూడండి. సినిమా మొదలయ్యాక ఎవర్నీ లోపలికి రానివ్వొద్దని దర్శకుడు హిచ్‌కాక్ థియేటర్లకి షరతు పెట్టాడు. మధ్యలో లేచిపోవద్దని మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఆ అవసరం రాదని ఆయనకి తెలుసు. ఆ సినిమా అనగానే అందరూ స్నానం చేస్తున్న ఆవిడని పొడిచి చంపే షవర్ సీనే తలుచుకుంటారు. కత్తిపోట్లు ముప్పావు నిమిషం, తియ్యడానికి పట్టింది 7 రోజులు. బ్లాక్ అండ్ వైట్ కాబట్టి నెత్తురు బదులు చాక్లెట్ సిరప్ వాడారు. కత్తి దిగే చప్పుడు కోసం కర్బూజా లాంటి పండుని పొడిచారు. అసలు ఆ సీనుకి సంగీతమే వద్దన్నాడు హిచ్‌కాక్. సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ ఆ మాట వినకుండా ఆ కీచుమనే వయొలిన్లు రాసిపెట్టాడు. ఆ సీన్లో చనిపోయే ఆవిడగా నటించిన జానెట్ లీ, తెర మీద చూసుకున్నాక షవర్ కింద నిలబడటమే మానేశానని చెప్పింది. అది సిరప్ అని తెలిసిన మనిషే అలా అయిపోతే, తెలియని మా గతేంటండీ?

సరే, ఆ సీనుని క్షమించాను. క్షమించలేనిది దాని తర్వాత వచ్చేది. ఆ హత్య జరిగిన మోటెల్ నడిపే కుర్రాడు నార్మన్ బాత్రూమ్ కడుగుతాడు. తొందరేం లేదు. నేల తుడుస్తాడు, టబ్బు తుడుస్తాడు, గోడ తుడుస్తాడు. ఏదైనా మరక వదిలేశాడేమోనని మేం కూడా వెతుకుతుంటాం. తర్వాత శవాన్ని డిక్కీలో పెట్టి, కారుని ఊబిలోకి తోస్తాడు. అది మునుగుతూ మునుగుతూ సగంలో ఆగిపోతుంది. నార్మన్ దవడ కదలడం ఆగుతుంది, కళ్లు అటూ ఇటూ తిరుగుతాయి. హాలంతా ఊపిరి బిగబట్టుకుంటుంది. ఎందుకట? పాపం, అతను దొరికిపోతాడేమోనని! కాసేపటి క్రితం ఎవరి కోసం "అయ్యో" అన్నామో ఆవిడ ఆ డిక్కీలోనే ఉంది. మేం మాత్రం "మునుగు తల్లీ, మునుగు" అని కారుని బతిమాలుతున్నాం. అది బుడుంగుమనగానే హమ్మయ్య అనుకుంటాం. పైగా ఆవిడ కాజేసి న్యూస్‌పేపర్లో చుట్టిన 40,000 డాలర్లు కూడా దాంతోపాటే పోయాయే అని మనసులో ఓ మూల బెంగ.

చీమకైనా హాని తలపెట్టని వాణ్ణి నేను. (ఆఖర్లో నార్మన్ బుర్రలో కూడా ఈగ గురించి ఇలాంటి మాటే వినిపిస్తుంది, ఆ సంగతి వదిలేయండి.) నా చేత అలాంటి కోరిక కోరించే హక్కు మీకెవరిచ్చారు?

అదే ఏడాది బ్రిటన్లో మైఖేల్ పావెల్ 'పీపింగ్ టామ్' తీశాడు. చావబోయేవాళ్ల భయాన్ని కెమెరాతో షూట్ చేసుకునే హంతకుడి కథ. మనం చూసేది కూడా ఆ కెమెరాలోంచే. చూడ్డానికేగా వచ్చావు, చూడు అని మొహం మీదే అన్నట్టుంటుంది. విమర్శకులు చీల్చి చెండాడారు. పావెల్ కెరీర్ గట్టి దెబ్బ తింది. హిచ్‌కాక్ మాత్రం గోడకున్న కన్నంలోంచి తొంగి చూడనిచ్చి, మనల్ని పల్లెత్తు మాట అనకుండా, డబ్బులు చేసుకున్నాడు. మీరు ఎవరి దారి పట్టారో వేరే చెప్పాలా?

తోటి ప్రేక్షకుల గురించి రాస్తే ఈ లేఖ తెమలదు. వేళ్ల సందుల్లోంచి చూసేవాళ్లని అర్థం చేసుకోగలను. గొంతు కోసే సీన్లో నవ్వే వెనక సీటాయన గురించి మాత్రం మీరు సినిమా తీయకముందే ఎవరికైనా చెప్పడం మంచిది.

ఇక ముగింపు. 'సైకో' చివర్లో ఒక సైకియాట్రిస్టు వచ్చి ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో పూసగుచ్చినట్టు చెబుతాడు. అది ఉపన్యాసమని పెదవి విరిచే విమర్శకులు చాలామందే ఉన్నారు. నాకైతే ప్రాణం లేచొచ్చింది. ఇప్పుడు ఆ డాక్టర్ ఉద్యోగం కూడా పీకేశారు. తెర నల్లబడుతుంది, పేర్లు పడతాయి. అతను చంపాడా, చంపినట్టు ఊహించుకున్నాడా, అసలు అతనున్నాడా? "ప్రేక్షకుల ఊహకే వదిలేశాం" అంటారు. నా ఊహ ఎలాంటిదో మీకు తెలిస్తే దానికి ఏదీ వదలరు. అర్ధరాత్రి దాకా ముగింపుకి అర్థం చెప్పే వీడియోలు చూస్తూ కూర్చుంటున్నాను. ఒక్కొక్కరూ ఒక్కో మాట చెబుతారు. అందరికంటే నమ్మకంగా చెప్పే కుర్రాడి చూపు నాకేమీ నచ్చడం లేదు.

కాబట్టి ఆ డాక్టర్ని మళ్లీ పనిలోకి తీసుకోండి. ఐదు నిమిషాలు మాట్లాడితే చాలు. కుదరదంటే, పోయినవారం సినిమాలో బేస్‌మెంట్లో ఉన్నది ఎవరో ఒక్క ముక్కలో రాసి పంపండి. కవరు మీద మీ పేరు మాత్రం వెయ్యకండి. ఇంట్లోవాళ్లు ఇప్పటికే నన్ను అదోలా చూస్తున్నారు.

ఇట్లు,
బాత్రూమ్ తలుపు గడియ వేసుకోవాలో వద్దో తేల్చుకోలేని
ఒక ప్రేక్షకుడు