మూతెడు వోడ్కాతో రీఫ్ ట్యాంకు బాగుపడదు

సముద్రపు నీటి అక్వేరియంలో పగడాలు పెంచేవారి మధ్య కొంతకాలంగా ఒక సలహా చేతులు మారుతోంది. నీటిలో నైట్రేటు, ఫాస్ఫేటు పెరిగితే రోజూ ఒక మూతెడు వోడ్కా గాని, వంటింటి వెనిగర్ గాని పోయాలట. కొద్ది వారాల్లో రెండూ సున్నాకు దిగుతాయట. ఆ సున్నాయే పగడాలకు ఆరోగ్యమట. పని చేసేది సహజమైన బాక్టీరియాయే కనుక హాని ఉండదట. పైగా ఇక నీరు మార్చే పనే ఉండదట. ఈ మాటల్లో ఒక నిజం ఉంది, దాని చుట్టూ అల్లుకున్నవి మాత్రం చేపలను, పగడాలను చంపగల పొరపాట్లు. కార్బన్ డోసింగ్‌కు (బాక్టీరియా కోసం ఇలా నీటిలో కర్బనం పోసే పద్ధతికి) నేను వ్యతిరేకిని కాను. నా ట్యాంకులో ఏళ్లుగా అదే వాడుతున్నాను కనుకనే ఈ సలహా ఇలా తిరగడం చూసి ఊరుకోలేకపోతున్నాను.

ముందుగా ఆ నిజం ఏమిటో చెప్పాలి. చేపలకు మేత బాగా పడే ట్యాంకులో నత్రజని, భాస్వరం పుష్కలంగా ఉంటాయి. బాక్టీరియాకు కొరత పడేది సులభంగా జీర్ణమయ్యే సేంద్రియ కర్బనమే. ఆల్కహాలు, అసిటిక్ ఆమ్లం ఆ కొరతను తీరుస్తాయి. బాక్టీరియా వాటిని తిని పెరుగుతూ, తమ కణాలు కట్టుకోవడానికి నీటిలోని నైట్రేటును, ఫాస్ఫేటును పీల్చుకుంటాయి. అయితే అక్కడితో పని పూర్తి కాలేదు. ఆ బాక్టీరియాను ప్రొటీన్ స్కిమ్మర్ (గాలి బుడగలతో నీటిలోని మురికిని నురగగా తీసే పరికరం) నురగతో పాటు బయటికి లాగినప్పుడే ఆ పోషకాలు ట్యాంకును వదిలినట్టు. రాళ్ల లోపలి ఆక్సిజన్ లేని పొరల్లో కొంత నైట్రేటు నత్రజని వాయువుగా మారి గాలిలో కలుస్తుంది గాని, భాస్వరానికి ఆ దారి కూడా లేదు. స్కిమ్మర్ లేని ట్యాంకులో వోడ్కా పోస్తే, ఈరోజు బాక్టీరియా ఒంట్లో చేరినది రేపు అది చచ్చి కుళ్లినప్పుడు తిరిగి నీటిలోకే వస్తుంది. మరో సంగతి: ఫిల్టరులో వేసే నల్లటి యాక్టివేటెడ్ కార్బన్‌కూ దీనికీ సంబంధం లేదు. పేరులోని పోలిక వల్ల చాలామంది రెండింటినీ ఒకటే అనుకుంటున్నారు.

ఇక సలహాలోని మొదటి మాట, ‘ఒక మూతెడు, వోడ్కా అయినా వెనిగర్ అయినా’. 40 శాతం వోడ్కా ఒక మిల్లీలీటరులో సుమారు 0.32 గ్రాముల ఇథనాలు, అంటే దాదాపు 0.165 గ్రాముల కర్బనం ఉంటుంది. 5 శాతం వెనిగర్ ఒక మిల్లీలీటరులో ఉండేది 0.02 గ్రాముల కర్బనమే. అంటే ఒక మిల్లీలీటరు వోడ్కాకు ఎనిమిది మిల్లీలీటర్ల వెనిగర్ సమానం. మన దేశంలో తయారయ్యే వోడ్కా సాధారణంగా 42.8 శాతం ఉంటుంది, దుకాణంలో దొరికే వెనిగర్ 4 శాతం కూడా కావచ్చు. అప్పుడు తేడా ఇంకా పెరుగుతుంది. అనుభవజ్ఞులు మొదలుపెట్టే మోతాదు వంద లీటర్ల నీటికి రోజుకు 0.1 మిల్లీలీటరు వోడ్కా. అది సిరంజితో కొలిచే మోతాదే తప్ప మూతతో కొలిచేది కాదు. దాన్నైనా వారాల తరబడి పరీక్షలు చేసుకుంటూ కొద్దికొద్దిగా పెంచుతారు.

‘బాక్టీరియా సహజమైనవి, కనుక హాని ఉండదు’ అన్న మాట అన్నిటికంటే ప్రమాదకరమైనది కనుక దీని దగ్గర కొంచెం ఆగాలి. బాక్టీరియా కర్బనాన్ని తినేటప్పుడు ఆక్సిజన్‌ను కూడా వాడుకుంటాయి. 46 గ్రాముల ఇథనాలు పూర్తిగా ఆక్సీకరణం చెందడానికి 96 గ్రాముల ఆక్సిజన్ కావాలి. ఆ లెక్కన ఒక మిల్లీలీటరు వోడ్కాకు సుమారు 0.66 గ్రాములు. 26 డిగ్రీల సెల్సియస్ వద్ద సముద్రపు నీరు లీటరుకు 6.6 మిల్లీగ్రాములకు అటూ ఇటూగా మాత్రమే ఆక్సిజన్‌ను పట్టి ఉంచగలదు. రెండు వందల లీటర్ల ట్యాంకులోని ఆక్సిజన్ మొత్తం కలిపినా 1.3 గ్రాములు. అంటే ఒక మిల్లీలీటరు వోడ్కా ఆ నిల్వలో సగాన్ని అడుగుతుంది. కర్బనంలో కొంత భాగం కణాలుగా మారుతుందన్నదీ, ఆక్సిజన్ గాలి నుంచి నిరంతరం నీటిలో కలుస్తూనే ఉంటుందన్నదీ నిజమే, చిన్న మోతాదులు గండం లేకుండా గడిచేది కూడా అందువల్లనే. కానీ స్కిమ్మర్ ఆగిపోయినప్పుడు, దీపాలు ఆరి పగడాలలోని శైవలాలు (ఆల్గే) కూడా ఆక్సిజన్‌ను వాడుకునే రాత్రివేళ, ఈ లెక్క తలకిందులవుతుంది.

ఒక మిత్రుడి ఇంట్లో నేను ఇది కళ్లారా చూశాను. ఆయన రోజూ పది మిల్లీలీటర్ల వెనిగర్ పోసేవారు. ఒక వేసవి రాత్రి వెనిగర్ అయిపోవడంతో ‘రెండూ ఒకటే’ అన్న మాట నమ్మి అంతే కొలత వోడ్కా పోశారు. అర్ధరాత్రి కరెంటు పోయింది. తెల్లవారేసరికి నీరు పాలలా తెల్లబడి ఉంది, చేపలు పైకి చేరి నోళ్లు తెరుస్తున్నాయి. బ్యాటరీ ఎయిర్ పంపు పెట్టి, సగం నీరు మార్చి కొన్నింటిని దక్కించుకున్నాం, అన్నింటినీ కాదు. ఈ పద్ధతి మొదలుపెట్టేవారు దీపాలు వెలిగే ఉదయం వేళే డోసు వేయాలనీ, వోడ్కా సీసా కంటే ముందు బ్యాటరీ ఎయిర్ పంపు కొనుక్కోవాలనీ నేను పట్టుబట్టేది ఇందుకే.

చేపల సంగతి అలా ఉంచి పగడాల విషయానికి వస్తే, డేవిడ్ క్లైన్, ఫారెస్ట్ రోవర్ తదితరులు పనామా కరీబియన్ తీరపు పగడాలపై చేసి 2006లో ప్రచురించిన ప్రయోగాన్ని గుర్తుచేయాలి. నైట్రేటు, ఫాస్ఫేటు, అమ్మోనియా పెంచినప్పుడు పగడాలు పెద్దగా చనిపోలేదు. చక్కెరల రూపంలో సేంద్రియ కర్బనం కలిపినప్పుడు మాత్రం చనిపోయాయి, ఎందుకంటే పగడపు ఒంటిమీది జిగురు పొరలో ఉండే సూక్ష్మజీవులు దాదాపు పది రెట్ల వేగంతో పెరిగాయి. వారు వాడినవి చక్కెరలు, మనం పోసేది ఇథనాలు కనుక ఆ ఫలితాన్ని ఉన్నదున్నట్టు మన ట్యాంకుకు అంటగట్టడం సరికాదు. అయినా పోషకాల కంటే వాటిని తగ్గించడానికి పోసే కర్బనమే ఎక్కువ కీడు చేయగలదన్న సంభావ్యతను కొట్టిపారేయలేం.

‘రెండూ సున్నాకు దిగుతాయి’ అన్నది లెక్కకు నిలవదు. ఆల్ఫ్రెడ్ రెడ్‌ఫీల్డ్ సముద్రపు ప్లవకాలలో (నీటిలో తేలుతూ బతికే సూక్ష్మజీవులలో) గమనించిన నిష్పత్తి ప్రకారం ఒక భాస్వరం పరమాణువుకు పదహారు నత్రజని పరమాణువులు ఉంటాయి. బాక్టీరియాలో భాస్వరం వాటా ఇంకొంచెం ఎక్కువ. పరీక్ష కిట్టు చూపే మిల్లీగ్రాముల్లోకి మారిస్తే, లీటరుకు సుమారు ఆరు నుంచి పది మిల్లీగ్రాముల నైట్రేటు తగ్గినప్పుడు ఒక మిల్లీగ్రాము ఫాస్ఫేటు తగ్గుతుంది. నైట్రేటు 2, ఫాస్ఫేటు 0.5 ఉన్న ట్యాంకులో నైట్రేటు పూర్తిగా అయిపోయినా ఫాస్ఫేటు 0.2–0.3 దగ్గరే నిలిచిపోతుంది. ఆపైన ఎంత వోడ్కా పోసినా దాన్ని కిందికి లాగే శక్తి బాక్టీరియాకు ఉండదు. పైగా అరగొనైట్ (కాల్షియం కార్బొనేటు) రాళ్లలో, ఇసుకలో అంతకుముందే అంటుకున్న ఫాస్ఫేటు, నీటిలో దాని మోతాదు తగ్గేకొద్దీ తిరిగి విడుదలవుతుంది. అటువంటి ట్యాంకుకు కావలసినది ఫాస్ఫేటును పట్టుకునే ఫెర్రిక్ ఆక్సైడ్ గుళికలు, వోడ్కా కాదు.

దీనికి తిరగబడ్డ పరిస్థితి ఇంకా చెడ్డది. నైట్రేటు 50, ఫాస్ఫేటు 0.05 ఉన్నచోట, నైట్రేటు అర మిల్లీగ్రాము తగ్గేసరికే ఫాస్ఫేటు ఖాళీ అవుతుంది. సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో యోర్గ్ వీడెన్‌మాన్ బృందం 2013లో హెచ్చరించినది సరిగ్గా ఈ స్థితి గురించే: నత్రజని సమృద్ధిగా ఉండి భాస్వరం కరువైతే పగడంలో సహజీవనం చేసే శైవలాల పొరల కొవ్వుల కూర్పు మారి, వేడికీ వెలుతురుకూ పగడం తేలికగా వెలిసిపోతుంది. ‘సున్నాయే ఆరోగ్యం’ అన్న మాటకు ఇదే ప్రధానమైన జవాబు. పగడపు దిబ్బల మీది సముద్రంలో కరిగిన పోషకాలు తక్కువే అయినా, ఆ నీరు ప్రవాహంతో ఆగకుండా ప్లవకాలను మోసుకొస్తూ ఉంటుంది. మన గాజు పెట్టెలో అది లేదు. రెండూ సున్నాకు చేరిన ట్యాంకుల్లో ఇసుక మీద గోధుమ రంగు జిగట తీగలు సాగడం, వాటిలో ఆస్ట్రియోప్సిస్ వంటి విషపు డైనోఫ్లాజెల్లేట్లు (ఒకే కణం గల సూక్ష్మజీవులు) నత్తలను చంపడం పెంపకందారులు పదేపదే చూస్తున్న సంగతే. నా మట్టుకు నేను నైట్రేటును లీటరుకు 2 నుంచి 10 మిల్లీగ్రాముల మధ్య, ఫాస్ఫేటును 0.03 నుంచి 0.1 మధ్య నిలుపుకోవడమే మేలనుకుంటాను.

చివరిది, నీరు మార్చనక్కర లేదన్న మాట. బాక్టీరియా నైట్రేటును తినగలవు గాని, పగడాలు వాడేసిన కాల్షియాన్ని, స్ట్రాన్షియంను తెచ్చి పెట్టలేవు. మెత్తని పగడాలు ఒకదానిపై ఒకటి వదిలే రసాయనాలన్నింటినీ తొలగించలేవు. ఈ విషయాన్ని ఎక్కువ వాదించనక్కర లేదు. అయితే మన ప్రాంతంలో ఎవరూ పట్టించుకోని ప్రశ్న ఒకటుంది: అసలు నైట్రేటు ఎక్కడి నుంచి వస్తోంది? తెలంగాణలో చాలాచోట్ల బోరునీటిలో నైట్రేటు తాగునీటి ప్రమాణమైన 45 మిల్లీగ్రాములను మించి ఉంటుంది. ఆర్‌ఓ పొర ఉప్పును ఆపినంత గట్టిగా నైట్రేటును ఆపలేదు. ఇంటి ఆర్‌ఓ యంత్రాల్లో రుచి కోసం పెట్టే టీడీఎస్ కంట్రోలర్ అయితే వడకట్టని నీటిని కొంత తిరిగి కలుపుతుంది. ఆవిరైన మేరకు ఆ నీటినే రోజూ నింపుతూ పోతే నైట్రేటు పోగుపడుతూనే ఉంటుంది. అందుచేత డోసింగ్ ఆలోచన వచ్చిన రోజున పరీక్ష కిట్టును ముందు ట్యాంకులో కాదు, నింపడానికి పెట్టుకున్న బకెట్టులో ముంచాలి. అక్కడే నైట్రేటు రంగు కనిపిస్తే కంట్రోలర్‌ను మూయించి, నీటిలో మిగిలిన లవణాలను పట్టుకునే డీఅయనైజేషన్ రెసిన్ పెట్టించి, కొన్ని వారాలు ఆగి మళ్లీ కొలవాలి. వోడ్కా సీసా సంగతి ఆ తరువాత చూసుకోవచ్చు.