బిగ్ బ్యాంగ్ దేవుడికి సాక్ష్యం చెబుతుందా?

1951 నవంబరు 22న వాటికన్ సైన్స్ అకాడమీలో పోప్ పన్నెండో పయస్ ప్రసంగించారు. విశ్వానికి ఆరంభం ఉందని ఖగోళశాస్త్రం చెబుతోందనీ, 'వెలుగు కలుగును గాక' అన్న తొలి క్షణానికి ఆధునిక విజ్ఞానమే సాక్షి అనీ ఆయన మాటల సారాంశం. ఈ మాటలకు గట్టిగా ఇబ్బంది పడినవారిలో ఒకరు క్రైస్తవ గురువే. ఆయన బెల్జియం ఫాదర్ జార్జ్ లెమైత్ర్. విశ్వం వ్యాకోచిస్తోందని 1927లో సమీకరణాలతో చూపించిందీ, అంతా ఒక 'ఆది పరమాణువు' నుంచి మొదలై ఉండాలని 1931లో ప్రతిపాదించిందీ ఆయనే. ఇప్పుడు మనం బిగ్ బ్యాంగ్ అంటున్న సిద్ధాంతానికి మొదలు అదే. తన సిద్ధాంతానికి మతపరమైన ప్రశ్నలతో సంబంధం లేదని 1958లో భౌతికశాస్త్రవేత్తల సోల్వే సమావేశంలో తేల్చి చెప్పారు. బిగ్ బ్యాంగ్ దేవుణ్ణి నిరూపించిందనేవారూ, దేవుడి అవసరం తీర్చేసిందనేవారూ ఇద్దరూ లెమైత్ర్ పాటించిన ఆ హద్దును దాటుతున్నారని నా అభిప్రాయం.

ఆస్తికుల వైపు నుంచి ఎక్కువగా వినిపించే వాదం పాతదే. 11వ శతాబ్దంలో ఇస్లాం పండితుడు అల్ గజాలీ చెప్పిన దాన్ని 1979లో అమెరికన్ తత్వవేత్త విలియం లేన్ క్రెయిగ్ కొత్త ఖగోళశాస్త్రంతో జోడించారు. మొదలైన ప్రతిదానికీ కారణం ఉంటుంది, విశ్వం మొదలైంది, కాబట్టి విశ్వానికీ కారణం ఉంది. తర్కం నడకలో తప్పు లేదు. బరువంతా మొదటి రెండు వాక్యాల మీదే ఉంది.

ముందు రెండో వాక్యం చూద్దాం. విశ్వం మొదలైందని మనకు ఎంతవరకు తెలుసు? 1964లో అమెరికాలోని హోమ్‌డెల్‌లో పెంజియాస్, విల్సన్ అనే శాస్త్రవేత్తల యాంటెనాకు ఆకాశంలో ఎటు తిప్పినా ఒకే రొద అందింది. ఆ రొద విశ్వమంతా నిండిన వికిరణం. దాని ఉష్ణోగ్రత ఇప్పుడు 2.725 కెల్విన్లుగా లెక్కతేలింది. విశ్వం వయసు సుమారు 3.8 లక్షల ఏళ్లు, వేడి దాదాపు 3,000 డిగ్రీలు ఉన్నప్పుడు బయల్దేరిన వెలుగు అది. ఇంకా వెనక్కి వెళ్తే మొదటి కొద్ది నిమిషాలు వస్తాయి. అప్పుడు తయారైన హీలియం మామూలు పదార్థం బరువులో పావు వంతు ఉండాలని లెక్క చెబుతుంది, పరిశీలనలోనూ అంతే కనబడుతోంది. కణాలను ఢీకొట్టించే భారీ యంత్రం లార్జ్ హాడ్రాన్ కొలైడర్‌లో సృష్టించగలిగే శక్తులు సెకనులో లక్ష కోట్లో వంతు నాటి స్థితికి సరిపోతాయి. అక్కడి నుంచి వెనక్కి ప్రయోగం ఆసరా ఉండదు. సెకన్లలో దశాంశ బిందువు తర్వాత 42 సున్నాలు పెట్టి ఒకటి వేస్తే వచ్చేంత చిన్న కాలానికి చేరేసరికి ఐన్‌స్టీన్ సమీకరణాలే పనిచేయవు. గురుత్వాకర్షణనూ క్వాంటం నియమాలనూ కలిపే సిద్ధాంతం మన చేతిలో లేదు.

కాబట్టి '1,380 కోట్ల ఏళ్ల క్రితం' అన్నది ఆ వేడి, చిక్కటి దశ నుంచి నేటి వరకు గడిచిన కాలం. దానికి ముందు ఏమీ లేదని ఎవరూ కొలవలేదు. భౌతికశాస్త్రవేత్తలు హాకింగ్, పెన్‌రోజ్ 1970లో నిరూపించిన సిద్ధాంతం గతంలో కాలానికి ఒక అంచు తప్పదని చెప్పింది నిజమే. కానీ గురుత్వం ఎప్పుడూ ఆకర్షించే తీరులోనే ఉంటుందన్న షరతు మీద అది నిలబడింది. తొలి క్షణాల్లో విశ్వం ఉన్నట్టుండి ఉబ్బిందనే 'ఇన్‌ఫ్లేషన్' సిద్ధాంతంలో ఆ షరతు చెల్లదు. ఆ షరతుతో పని లేకుండా బోర్డ్, గూత్, విలెంకిన్ 2003లో మరో సిద్ధాంతం తెచ్చారు. సగటున వ్యాకోచిస్తూ వచ్చిన విశ్వం గతంలోకి అనంతంగా సాగదని దాని సారం. ఆ అంచు దగ్గర ఏముందో మాత్రం అది చెప్పదు. ఆరంభం ఉందని విలెంకిన్ అంటారు, విశ్వం బహుశా అనాది అని గూత్ అంటారు. ఒకే సిద్ధాంతం రాసినవాళ్లే రెండు వైపులా ఉన్నప్పుడు దాన్ని వేదిక మీద తుది తీర్పులా చదివి వినిపించడం సరికాదు.

మొదటి వాక్యం సంగతి మన తార్కికులకు కొత్త కాదు. 'కాశీకి పోయినంత మాత్రాన అన్నంభట్టు కాలేడు' అని లోకం మెచ్చిన మన తెలుగు పండితుడు తన తర్కసంగ్రహానికి రాసుకున్న దీపిక అనే వ్యాఖ్యలో ఈ అనుమానమే (తర్కభాషలో అనుమానం అంటే సందేహం కాదు, కనబడేదాన్ని బట్టి కనబడనిదాన్ని తేల్చడం) ఇచ్చాడు: భూమి, మొలక మొదలైనవి కర్త వల్ల పుట్టినవి, కార్యాలు (కారణం వల్ల కలిగినవి) కాబట్టి, కుండలాగా. బిగ్ బ్యాంగ్ చర్చలో ఈ కుండను వాడేవాళ్లు ఒక విషయం మరిచిపోతారు. అన్నంభట్టు అనుసరించిన తర్కశాస్త్ర సంప్రదాయమైన న్యాయ దర్శనంలో పరమాణువులు నిత్యం. ఈశ్వరుడు నిమిత్త కారణం, అంటే కుమ్మరి. మట్టి ముందే ఉంది. శూన్యం నుంచి సృష్టికి కుండ ఉదాహరణ కుదరదు. మనం చూసిన కారణాలన్నీ ఉన్నదాన్ని మార్చినవే.

ఈ అనుమానాన్ని గట్టిగా ఖండించినవారిలో రామానుజులు ఒకరు. బ్రహ్మసూత్రాలకు రాసిన శ్రీభాష్యంలో ఆయన ఇలా అడుగుతారు: కుండలను వేర్వేరు కాలాల్లో వేర్వేరు కుమ్మరులు చేస్తారు కదా, కొండలనూ సముద్రాలనూ ఒకే కాలంలో ఒక్కడే చేశాడనడానికి ఆధారమేమిటి? పైగా మనం చూసిన కర్తలంతా శరీరం ఉన్నవాళ్లు, పరిమిత జ్ఞానం ఉన్నవాళ్లు. అనుమానం అలాంటి కర్తనే ఇస్తుంది గానీ సర్వజ్ఞుణ్ణి ఇవ్వదు. భగవంతుణ్ణి తెలుసుకోవడానికి శాస్త్రమే, అంటే వేదమే, ప్రమాణమని ఆయన నిర్ణయం. భక్తి మార్గానికి తాత్విక పునాది వేసిన ఆచార్యుడే ఈ మెట్టు వద్దన్నాడంటే, ఆ వాదం వీగితే భక్తి వీగుతుందన్న భయం అక్కర్లేదు.

నాస్తికుల వైపు నుంచి వచ్చే 'విశ్వం శూన్యం నుంచి తనంతట తానే పుట్టింది' అన్న మాటలోనూ ఇదే లోపం. విలెంకిన్ 1982 నాటి నమూనాలో స్థలకాలాలు లేకపోయినా క్వాంటం నియమాలు ఉంటాయి. ఆ నియమాలు ఎక్కడివన్న ప్రశ్న అలాగే మిగులుతుంది. ఇక ప్రకృతి స్థిరాంకాలు (గురుత్వ బలం లాంటి మారని విలువలు) జీవానికి సరిపడా అమరడం వెనక దేవుడున్నాడనే ఆస్తికుల వాదం పై వాదాలకంటే బలమైనదే. అయితే ఆ స్థిరాంకాలు ఏయే విలువలు, ఎంత సంభావ్యతతో తీసుకోగలవో తెలియకుండా 'అసాధ్యం' అని లెక్క కట్టలేం.

ఆస్తికుడికి నిజంగా పనికొచ్చే వాదం ఆరంభంతో ముడిపడనిది. లోకానికి మొదలుందని తర్కంతో నిరూపించలేం, విశ్వాసంతోనే అంగీకరిస్తాం అని 13వ శతాబ్దంలోనే థామస్ అక్వైనాస్ రాశాడు. విశ్వం అనాదిగా ఉన్నా అది ఉండటానికి ఆధారం ఏమిటన్న ప్రశ్న మీదే ఆయన నిలబడ్డాడు. 1948లో బీబీసీ రేడియోలో ఫాదర్ కోప్లెస్టన్ కూడా దేవుణ్ణి నమ్మని తత్వవేత్త బెర్ట్రండ్ రస్సెల్‌ను అదే అడిగారు: లేకపోవడానికి వీలున్న వస్తువుల గొలుసు అనంతమైనా తనకు తాను కారణం కాగలదా? విశ్వం ఊరికే ఉంది, అంతే, అన్నారు రస్సెల్. గొలుసులోని ఒక్కో కొక్కేనికి కారణం ఉన్నంత మాత్రాన మొత్తం గొలుసుకూ కారణం అడగవచ్చా అన్నదే ఆ ఇద్దరి తగువు. అది ఇప్పటికీ తేలలేదు. దాన్ని తేల్చడానికి విశ్వం వయసుతో పనే లేదు.