నా విద్యా తత్వం గారికి

మహారాజశ్రీ విద్యా తత్వం గారి దివ్యసముఖమునకు,

జిల్లా పరిషత్ హైస్కూలు లెక్కల మాస్టారు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. తమరు బీరువా పై అరలో, బీఎడ్ రికార్డులో, చెదలు పట్టకుండా క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

మన పరిచయం గుర్తుందా? "మీ విద్యా తత్వాన్ని సొంత మాటల్లో రాయండి" అన్నారు కాలేజీలో. క్లాసులో అందరి సొంత మాటలూ ఒకటే. సీనియర్ రికార్డులోంచి జిరాక్స్ సెంటర్‌కి, అక్కణ్ణించి మా చేతిరాతలోకి దిగారు తమరు. "శిశువు మొక్క, ఉపాధ్యాయుడు తోటమాలి" అన్న వాక్యం కింద ఎర్ర స్కెచ్‌తో గీత కొట్టాం. పక్కన తత్వవేత్త రూసో బొమ్మ అంటించాం. 1762లో పిల్లల్ని ఎలా పెంచాలో అంత లావు పుస్తకం అచ్చేసిన ఆ పెద్దమనిషి, తన ఐదుగురు బిడ్డల్నీ అనాథాశ్రమానికి పంపేశాడన్న సంగతి మాత్రం ఏ జిరాక్స్‌లోనూ లేదు. పోన్లెండి, తత్వం వేరు, ఇల్లు వేరు.

తర్వాత టెట్, అంటే ఉపాధ్యాయ అర్హత పరీక్ష. 150 బిట్లు, రెండున్నర గంటలు. అందులో తమరు 'జతపరచుము'గా దర్శనమిచ్చారు. ప్రకృతివాదం – రూసో, వ్యవహారికసత్తావాదం – డ్యూయీ, బేసిక్ విద్య – గాంధీ. 1937లో వార్ధాలో గాంధీగారు చేతిపని ద్వారా చదువు చెప్పాలన్నారు. మేము చేత్తో చేసిన పనల్లా జవాబు పత్రంలో గుండ్రాలు దిద్దడమే. మన మదనపల్లెలో పుట్టిన తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి పోటీ వద్దు, పోలిక వద్దు అని జీవితాంతం మొత్తుకుని, చివరికి పోటీ పరీక్షలో ఒక మార్కు బిట్టయ్యాడు. టీచరు ఉద్యోగాలిచ్చే డీఎస్సీలో టెట్‌కి 20 శాతం వెయిటేజీ ఉంది కాబట్టి నా జీతంలో తమ వాటా ఉందనే ఒప్పుకుంటాను.

అలాంటి తమరు పోయిన ఏడాది ఒకసారి చెప్పాపెట్టకుండా బడికి వచ్చేశారు. అక్కడే వచ్చింది గొడవ.

ఏడో తరగతిలో వృత్త వైశాల్యం చెబుతున్నాను. వ్యాసార్థం తెలిస్తే చాలు, దేని వైశాల్యమైనా చిటికెలో వస్తుందన్నాను. రెండో బెంచీ అమ్మాయి లేచి, "మన వేపచెట్టు అరుగుకి మధ్యలో చెట్టుంది కదా సార్, వ్యాసార్థం ఎలా కొలుస్తాం?" అంది. అందరం బయటికెళ్లాం. వాలీబాల్ నెట్ తాడు తెచ్చి అరుగు చుట్టూ తిప్పారు. పదకొండు మీటర్లు. దాన్ని 22/7తో భాగించమని నేను చెప్పలేదు, వెనక నుంచి ఎవడో అరిచాడు. వ్యాసం మూడున్నర మీటర్లు! చెట్టుని ముట్టుకోకుండానే వ్యాసార్థం దొరికేసిందని ఆ పిల్ల ఎగిరి గంతేసింది.

సరిగ్గా అప్పుడే తనిఖీకి వచ్చిన సారు జీపు దిగారు. పిల్లలు ఎండలో ఎందుకున్నారన్నారు. ఇవాళ్టి లెసన్ ప్లాన్‌లో ఉన్నది అభ్యాసం లెక్కలు కదా అన్నారు. ఈ తాడు బోధనోపకరణాల రిజిస్టర్లో, అదే టీఎల్ఎం రిజిస్టర్లో, ఎక్కిందా అన్నారు. లేదండీ, ఆటల మాస్టారు పీఈటీ గారి స్టాకు అన్నాను. "బోధన ప్రణాళికాబద్ధంగా లేదు" అని రిమార్కు రాసి, టీ తాగి వెళ్లారు. ముందు వారమే స్కూల్ కాంప్లెక్స్ మీటింగులో శిశుకేంద్రీకృత విద్య గురించి గంటసేపు మాట్లాడింది ఈ సారే. తోటమాలి వాక్యం కూడా చెప్పారు, మేం చప్పట్లు కొట్టాం.

ఇంత జరుగుతుంటే తమరెక్కడున్నారండీ? నా పక్షాన ఒక్క మాట సాక్ష్యం చెప్పారా? బీరువాలోంచి కిక్కురుమనలేదు.

సరే, అసలు పనికొస్తాను. సెప్టెంబరు 5 దగ్గర పడుతోంది. ఉత్తమ ఉపాధ్యాయ అవార్డుకి అప్లై చేస్తున్నాను. ఫైలు ఎంత లావుంటే అంత మంచిదట. మొక్కలు నాటిన ఫోటోలు, ర్యాలీ ఫోటోలు, పేపర్ కటింగులు పెట్టాను. తాడు సంగతి పెట్టలేదు. దానికి ఫోటో లేదు, ఉన్నది రిమార్కే. పైగా ఫైళ్లు చూసేవాళ్లలో ఆ సారు కూడా ఉంటారని వినికిడి.

మొదటి పేజీలో తమరే ఉండాలి. తమ పేరు ముందు 'వినూత్న' అని చేర్చమని హెడ్మాస్టరు గారి సలహా. అభ్యంతరం ఉంటే సోమవారం సాయంత్రం లోపు రాతపూర్వకంగా, మూడు కాపీల్లో తెలియజేయగలరు.

ఇట్లు,
తమ విధేయుడు,
లెక్కల మాస్టారు