'టెల్ మీ ఎబౌట్ ఎ టైమ్' గారి దివ్య సముఖానికి

వనస్థలిపురం,
హైదరాబాద్.

మహారాజశ్రీ 'టెల్ మీ ఎబౌట్ ఎ టైమ్ వెన్...' అనే ఇంటర్వ్యూ ప్రశ్న గారికి, ఒక ఫైనాన్స్ ఎంబీయే నిరుద్యోగి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేం క్షేమం. మీ క్షేమం వేరే అడగక్కర్లేదు. నానక్‌రామ్‌గూడలో ఏ అద్దాల మేడ ఎక్కినా మీరే ఎదురొస్తున్నారు.

మన మొదటి పరిచయం మీకు గుర్తుండకపోవచ్చు. ఆ రోజు ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గంలో దిగి, ఇస్త్రీ చొక్కా నలక్కుండా షేర్ ఆటోలో ఒంటి తుంటి మీద కూర్చుని వచ్చాను. బుర్ర నిండా కంపెనీకి విలువ కట్టే డీసీఎఫ్ లెక్క, డిస్కౌంట్ రేటు, కంపెనీ జమాఖర్చుల మూడు స్టేట్‌మెంట్లు. ఎదురుగా ఉన్న మేడమ్ వాటి మాటే ఎత్తలేదు. నవ్వుతూ మిమ్మల్ని ముందుకు తోశారు: "టెల్ మీ ఎబౌట్ ఎ టైమ్ వెన్ యు ఫెయిల్డ్." అంటే, మీరు ఫెయిలైన సందర్భం ఒకటి చెప్పండి అని. ఒకటి కాదు, పది గుర్తొచ్చాయి. ఏది చెప్పాలో తేల్చుకునేలోపే మేడమ్ గడియారం చూసుకున్నారు. ఆ ఉద్యోగం రాలేదు కాబట్టి ఇప్పుడు పదకొండు ఉన్నాయి.

మీ వంశచరిత్ర కూడా చదివాను. రెండో ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా వైమానిక దళం తరఫున జాన్ ఫ్లానగన్ అనే సైకాలజిస్టు, ఆయన బృందం, యుద్ధంలో పనిచేసి వచ్చినవాళ్లని కూర్చోబెట్టి 'అక్కడ నిజంగా ఏం జరిగింది, ఎవరేం చేశారు' అని అడిగి రాబట్టారు. 1954లో ఆయన ఆ పద్ధతిని వ్యాసంగా అచ్చువేశాడు. తమరు ఆ కొమ్మకి పూసినవారే. గొప్ప వంశం, కాదనను. కానీ వాళ్లు బాంబుల మధ్య ఎగిరొచ్చినవాళ్లు, అడిగితే చెప్పడానికి సంగతులున్నాయి. నేను ఇంటర్ కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో చదివాను. పొద్దున అయిదింటికి లేస్తే రాత్రి పదింటిదాకా స్టడీ అవర్లే. 'మీరు చొరవ తీసుకున్న సందర్భం' అంటారు మీరు. మా హాస్టల్లో చొరవ తీసుకున్నవాడు ఒక్కడే. గోడ దూకాడు. టీసీ ఇచ్చి పంపేశారు.

దీనికి మందుగా స్టార్ అని ఒకటి కనిపెట్టారు. సిట్యుయేషన్, టాస్క్, యాక్షన్, రిజల్ట్. ఏ కథైనా ఈ నాలుగు డబ్బాల్లో సర్దాలట. కోచింగ్‌లో దీన్ని బోర్డు మీద చూసినప్పుడు నాకు మా అక్క పెళ్లి గుర్తొచ్చింది. మిట్టమధ్యాహ్నం పంతులుగారు ఆకాశంలోకి వేలు చూపించి "అరుంధతి కనిపించిందామ్మా?" అన్నారు. "కనిపించింది" అంది అక్క. నిజంగానే ఉన్నట్టు ఫొటోగ్రాఫర్ కూడా పైకి చూశాడు. మీ స్టార్ కూడా అంతే కదండీ. అడిగేవాళ్లకి తెలుసు, చెప్పేవాళ్లకి తెలుసు.

ఇంకో చిక్కు 'ఐ'. "వియ్ అనకండి, ఐ అనండి" అని కోచింగ్ సార్ వందసార్లు చెప్పాడు. మా ఇంట్లో 'నేను చేశాను' అన్నవాణ్ని సొంత డబ్బా అంటారు. ఫస్టొచ్చినా 'ఏదో మీ ఆశీర్వాదం' అని తల వంచుకోవాలి. ఇరవై ఏళ్లు వంచిన తలని మీరొచ్చి ఒక్కసారిగా ఎత్తమంటే మెడ పట్టేయదూ?

గొడవ పరిష్కరించిన సందర్భం కూడా అడిగారు. శుభలేఖలో తన పేరు వేయలేదని మా పెదనాన్న నాలుగేళ్లు మా గడప తొక్కలేదు. ఎవరూ కూర్చుని మాట్లాడలేదు. తర్వాతి పెళ్లికి ఆయన పేరు అందరికన్నా పెద్ద అక్షరాల్లో వేయించాం, వచ్చి రెండుసార్లు పెరుగన్నం తిన్నారు. ఇందులో యాక్షన్ ఎక్కడుంది, ప్రింటింగ్ ప్రెస్‌లో తప్ప?

మీ తమ్ముడు 'ఈమధ్య గమనించిన డీల్ ఏంటి' గారికి బాలాపూర్ లడ్డూ వేలం గురించి చెప్పాను. 1994లో 450 రూపాయలు, 2024లో 30 లక్షల వెయ్యి. ఏటా దాదాపు 34 శాతం చొప్పున పెరిగినట్టు. కొన్నవాళ్లు తిని, పంచి, పొలంలో చల్లుకుంటారు, అయినా రేటు తగ్గదు. ప్యానెల్‌లో ఒకాయన రాసుకున్నాడు. రిజెక్ట్ అని రాసుకున్నట్టున్నాడు.

ఇంతకీ ఈ ఆర్భాటమంతా ఏ ఉద్యోగానికో చెప్పనివ్వండి. ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకు అనగానే మా చుట్టాలు నేను కంపెనీలు కొని అమ్ముతాననుకుంటున్నారు. నేను అప్లై చేసింది రికన్సిలియేషన్‌కి. మన లెక్క, అవతలివాళ్ల లెక్క కలుస్తున్నాయో లేదో చూడటం. కలవకపోతే దాన్ని బ్రేక్ అంటారు, అది ఎక్కడ పుట్టిందో పట్టుకోవాలి. 2024 మే 28 నుంచి అమెరికాలో షేర్ల లావాదేవీ మర్నాటి పనిరోజుకే సెటిల్ కావాలి, అంటే డబ్బు, షేర్లు చేతులు మారిపోవాలి. అంతకుముందు రెండు రోజులుండేది. అక్కడ మార్కెట్ మూసేసరికి మనకి అర్ధరాత్రి ఒకటిన్నర, చలికాలమైతే రెండున్నర. కావలసింది నిద్ర ఆపుకుని కూడికలు తప్పకుండా చేసేవాడు. మీరేమో నా నాయకత్వ లక్షణాలు అడుగుతున్నారు.

నిజానికి నా దగ్గర అసలు సిసలు బ్రేక్ ఒకటుంది. మా అమ్మ కాలనీలో చిట్టీ వేస్తుంది. 20 మంది, నెలకి 5,000. ఒక నెల లక్షకి 500 తక్కువొచ్చింది. లాంగ్ నోట్‌బుక్ ముందేసుకుని రెండు రాత్రులు కూర్చున్నాం. నోట్లు ఎవరిచ్చారు, ఫోన్‌పే ఎవరు చేశారు, రెండు విడతలుగా కట్టిందెవరు, ఒక్కొక్క పేరుకీ టిక్ పెట్టుకుంటూ. మూడో రోజు దొరికింది. ఎదురింటి ఆంటీ 4,500 చేతికిచ్చి, మిగతా 500 ఫోన్‌పేలో వేరే నంబరుకి వేసింది.

ఇదెందుకు చెప్పలేదంటారా? 1982 నాటి చిట్‌ఫండ్స్ చట్టం ప్రకారం చిట్టీని రిజిస్టర్ చేయించాలి. రూల్స్ తప్పకుండా కాపలా కాసే కంప్లయన్స్ వాళ్ల ఎదుట మా అమ్మ పేరు ఎలా తీసుకురాను? అందుకే కాలేజీ ఫెస్ట్‌కి నేను స్పాన్సర్లని తెచ్చానన్న కథే చెప్పాను. తెచ్చింది ప్రవీణ్‌గాడు. వాడూ ఇదే కథ చెప్పి సెలెక్ట్ అయ్యాడు.

గురువారం మళ్లీ మీ దర్శనం ఉంది. ఈసారి చిట్టీ కథే చెబుదామని, దానికి 'ప్రైవేట్ సేవింగ్స్ గ్రూప్' అని పేరు పెట్టి, నిన్న రాత్రి అద్దం ముందు నిలబడ్డాను. సిట్యుయేషన్ బాగా వచ్చింది. టాస్క్ అయిపోయింది. యాక్షన్ దగ్గర గొంతు పెంచి "ఐ ఐడెంటిఫైడ్ ది రూట్ కాజ్" అన్నాను.

వంటింట్లోంచి అమ్మ అడిగింది. "రూట్ కాజ్ అంటే ఏంట్రా?"

"అసలు కారణం అమ్మా."

"అది నువ్వే కదరా. ఆంటీ వేసిన అయిదొందలు నీ ఫోన్‌లో పడితే, చెప్పకుండా బిర్యానీ తినొచ్చావు."

ఇట్లు,
తమ విధేయుడు,
రూట్ కాజ్