ఓడింది ఊరి మాటలు

పారా అథ్లెట్ (వైకల్యం ఉన్నవారి పోటీల్లో పరుగెత్తే క్రీడాకారిణి) దీప్తి జీవాంజిపై మీ పత్రికలో వచ్చిన కథనం ఆసాంతం చదివాను. ఒక్క మాట గుచ్చుకుంది: ‘వైకల్యాన్ని జయించింది’ అన్నారు. ఆమె పరుగెత్తే టి20 విభాగం మేధోపరమైన వైకల్యం ఉన్న అథ్లెట్లది. ఆ వైకల్యం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. వరంగల్ జిల్లా కల్లెడలో చిన్నప్పుడు ఆమెను కోతి అని వెక్కిరించారు, అనాథాశ్రమంలో వదిలేయమని తల్లిదండ్రులకు చెప్పారు. ఓడిపోయింది ఆ మాటలే. 2024 మేలో జపాన్‌లోని కోబెలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీల్లో 400 మీటర్లను 55.07 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డు సృష్టించింది. సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది.

మా అక్క కూతురూ అలాంటి పిల్లే. చుట్టాలు వస్తే కంచంలో అన్నం పెట్టి వెనక గదిలోకి పంపేవాళ్లం. నేనూ పంపాను, ఆ తప్పు నాదీ. పారిస్ పరుగు ఫోనులో చూపిస్తే చివరి వంద మీటర్లు మళ్లీ మళ్లీ పెట్టించుకుంది. తెర మీద దీప్తి వీపును వేలితో ముందుకు తోస్తూనే ఉంది.

దయచేసి పతకం రాని పిల్లల కథలు కూడా రాయండి. మా పిల్ల పరుగెత్తదు, ముగ్గులు వేస్తుంది. మొన్న మా గృహప్రవేశానికి వాకిట్లో ముగ్గు తనే వేసింది, భోజనాలకు అందరితో పాటు పంక్తిలో కూర్చుంది.